ఆర్ఎన్ఏని జన్యు పదార్థం అనవచ్చా? నిలకడే మొదటి అర్హతా?

రాయగడ ట్యూషన్ మాస్టారు:
నిన్న ప్లస్ టూ పిల్లలకు జన్యు పదార్థానికి, అంటే ఒక తరం నుంచి ఇంకో తరానికి లక్షణాలు మోసుకెళ్లే పదార్థానికి, ఉండాల్సిన గుణాలు చెప్పాను. దాని నకలు తయారవ్వాలి, రసాయనికంగా నిలకడగా ఉండాలి, నెమ్మదిగా వచ్చే మార్పులకు చోటుండాలి, అందులోని సమాచారం లక్షణాలుగా బయటపడాలి. ఒకమ్మాయి లేచి, "ఆర్ఎన్ఏకి నిలకడ లేదన్నారు కదా సార్, మరి అది జన్యు పదార్థం ఎలా అవుతుంది?" అంది. నాకూ ఆ పిల్ల మాటే సబబనిపిస్తోంది. అరటిపండు పిసికి, ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, గుడ్డలో వడగట్టి, చల్లటి స్పిరిట్ పోశాను. తెల్లటి పోగులు తేలితే చీపురుపుల్లకు చుట్టి చూపించాను. అంత పిసికినా నిలిచింది డీఎన్ఏ. నిలకడ తర్వాతే మిగతావన్నీ.

పర్లాకిమిడి పంతులమ్మ:
మాస్టారూ, ఆ పోగుల్లో ఆర్ఎన్ఏ, ప్రోటీన్ కూడా కలిసే వస్తాయి. వాటిని చూసి నిలకడ తేల్చలేం. క్షారంలో వేస్తే తేడా తెలుస్తుంది. ఆర్ఎన్ఏ చక్కెరలో రెండో కార్బన్ మీదున్న ఓహెచ్ గ్రూపు పక్కనున్న ఫాస్ఫేట్ బంధాన్ని తెంపేస్తుంది. డీఎన్ఏలో ఆ ఆక్సిజన్ లేదు, అందుకే జంటగా ఉన్న దాని రెండు గొలుసులూ విడిపోతాయే గానీ ఏ గొలుసూ తెగదు.

అయినా నిలకడే మొదటిదంటే ఒప్పుకోను. మా ఊరి కొమ్ము బొమ్మలు చూడండి. కొమ్మంటే కెరటిన్, అంటే ప్రోటీనే. మా తాతగారి నాటి కొమ్ము కొంగ ఇప్పటికీ బీరువాలో చెక్కుచెదరకుండా ఉంది. అంత గట్టిదైనా ప్రోటీన్‌ని చూసి ఇంకో ప్రోటీన్ తయారుచేసే దారి కణంలో లేదు. డీఎన్ఏ అక్షరాల్లో (వీటినే బేస్‌లంటారు) ఏకి టీ జత, జీకి సీ జత; అలాంటి అమరిక ప్రోటీన్‌కి లేదు. ఆర్ఎన్ఏకి అలాంటి జతలున్నాయి. 1956లో పొగాకు మొజాయిక్ వైరస్‌లోంచి ప్రోటీన్ తీసేసి ఒట్టి ఆర్ఎన్ఏని ఆకుల మీద రుద్దితే తెగులొచ్చింది, కొత్త వైరస్‌లు పుట్టాయి. ఇంకేం రుజువు కావాలి?

జయపురం కుర్రాడు (అగ్రికల్చర్ బీఎస్సీ):
మేడమ్, మాస్టారూ, జన్యు గొలుసు పొడవు సంగతి ఎవరూ ఎత్తలేదు. మా కొరాపుట్ కొండల్లో రైతు తన రకం ఏటా అలాగే మొలవాలనే విత్తనం దాచుకుంటాడు. కానీ ఏ మార్పూ రాకపోతే ఇన్ని వరి రకాలు పుట్టేవే కావు. కాబట్టి నకలులో తప్పులు దొర్లాలి, మితంగా దొర్లాలి. కరోనా ఆర్ఎన్ఏ సుమారు 30,000 బేస్‌లు. వరిలో దాదాపు 40 కోట్ల బేస్ జతలు. అంత పొడవులో ఆర్ఎన్ఏ వైరస్‌ల లెక్కన తప్పులు పడితే వరి వరిగా మిగలదు. కరోనాది ఆర్ఎన్ఏ వైరస్‌ల్లో బాగా పొడవైనది, అందుకే దానిక్కూడా నకలులో తప్పులు దిద్దే ఎంజైమ్ ఉంది.

రాయగడ ట్యూషన్ మాస్టారు:
బాబూ, మంచి పాయింటు. దానికి తోడు, సీ అక్షరం, అంటే సైటోసిన్, అప్పుడప్పుడు తనంతట తానే యురాసిల్ అనే ఇంకో అక్షరంగా మారిపోతుంది. డీఎన్ఏలో యురాసిల్ బదులు థైమిన్ (టీ) ఉంటుంది కనుక, యురాసిల్ కనబడగానే రిపేరు ఎంజైమ్ దాన్ని తీసేస్తుంది. ఆర్ఎన్ఏలో యురాసిల్ మామూలు అక్షరమే, ఏది తప్పో ఎవరు పోల్చగలరు? అందుకే పెద్ద జీవులకు డీఎన్ఏనే కావాలన్న మాట నేను వదలను. కానీ పంతులమ్మగారూ, కొమ్ము కొంగ దగ్గర మీరు నన్ను ఆపేశారు. రేపు ఆ నాలుగు లక్షణాల్లో నకలునే ముందు రాయిస్తాను. ఆ అమ్మాయికి పొగాకు ఆకు సంగతి చెబుతాను.

పర్లాకిమిడి పంతులమ్మ:
అరటిపండు ప్రయోగం మానొద్దు మాస్టారూ. పోగుల్లో ఇంకేం కలిసి ఉంటాయో పిల్లల్నే అడగండి.