ఆటల గాయాలకే ఫిజియో అంటే తిరుపతిలో జరుగుబాటు అవుతుందా?

మెట్లదారి:
మా చెల్లెలు బైపీసీ పూర్తి చేసింది. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివి, ఆటల్లో దెబ్బలు తగిలినవాళ్లకే వైద్యం చేస్తానంటోంది. స్విమ్స్‌లో సీటొస్తే ఊళ్లోనే చదువు, ఆ దిగులు లేదు. నాన్న మాత్రం "ఇక్కడ ఏ టీమ్ ఉందని? ఎవరికి చేస్తావమ్మా?" అంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

చిత్తూరు_ఫిజియో:
మీ నాన్నగారి మాటే నాదీ. మేం చదివినప్పుడు బీపీటీ 4 ఏళ్లు, ఆపైన 6 నెలల ఇంటర్న్‌షిప్. స్పోర్ట్స్‌లో ఎంపీటీ, అంటే పీజీ, చేయాలంటే ఇంకో 2 ఏళ్లు. ఇంతా చేసి క్లినిక్ తెరిస్తే వచ్చేది మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లు, పక్షవాతం, నడుం నొప్పి. మన అద్దె కట్టేది వాళ్లే. ఆటగాడు నాలుగు సిట్టింగులు నొప్పికి మెషీన్‌తో కరెంటు పెట్టించుకుని, నొప్పి తగ్గగానే మాయమవుతాడు. అసలు పని మొదలయ్యేదే అప్పుడు. ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు) ఆపరేషన్ అయిన కబడ్డీ కుర్రాణ్ణి కనీసం 9 నెలల దాకా కోర్టులోకి దింపకూడదు. అప్పుడైనా ఒంటికాలి మీద గెంతించి, ఆ కాలి బలం రెండో కాలితో పోలిస్తే 90 శాతానికి వచ్చిందో లేదో చూడాలి. అన్ని నెలలూ చేయించేది వ్యాయామమే కదా, దానికి ఫీజెందుకు అంటారు!

పొద్దున్నే_పరుగు:
టీమ్ లేకపోతే గాయాలుండవా సార్? తెల్లవారుజామున యూనివర్సిటీ గ్రౌండుకు రండి. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్లు పరుగెత్తేవాళ్లలో ముంగాలి ఎముక పట్టుకుని కూర్చునేవాళ్లు ఎంతమందో. నోటిఫికేషన్ రాగానే ఒక్కసారిగా దూరం పెంచేస్తారు, అదీ అరిగిన బూట్లతో, సిమెంటు రోడ్డు మీద. నొప్పి ఎముకలో ఒకే చోట గుచ్చినట్టుండి రాత్రి కూడా వదలకపోతే సన్నని పగులేమోనని అనుమానించాలి. మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. స్ప్రే కొట్టుకుని పరుగెత్తితే ఈవెంట్సే (పరుగులాంటి దేహదారుఢ్య పరీక్షలే) కాదు, ఆ ఏడాదంతా పోతుంది. ఇక అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఎక్కేటప్పుడు ఆయాసమే, దిగేటప్పుడే మోకాలిచిప్ప భారమంతా మోస్తుంది. వీళ్లంతా ఆటగాళ్లు కాకపోవచ్చు, వాళ్లకు కావలసింది మాత్రం ఈ చదువే.

రేణిగుంట_రాజా:
ఎముకల కట్టుకు పేరున్న పుత్తూరు ఇంత దగ్గర్లో పెట్టుకుని ఫిజియో దగ్గరికి ఎవరు పోతారప్పా? కట్టు కట్టిస్తే సరి.

చిత్తూరు_ఫిజియో:
అన్నా, విరిగిన ఎముక కదలకుండా ఉంటే అతుక్కుంటుంది. కట్టు చేసే పని అది. పూర్తిగా తెగిన ఏసీఎల్ మామూలుగా అట్లా అతుక్కోదు. పైగా వారాల తరబడి కదలని కాలికి తొడ కండ సన్నబడిపోతుంది. కట్టు విప్పాక దాన్ని తిరిగి తేవడానికి మళ్లీ మా దగ్గరికే రావాలి. ఆ లెక్కన పుత్తూరు మాకు పోటీయే కాదు.
పరుగు గారూ, మీరు చెప్పిన పిల్లలు నిజమే. కానీ వాళ్లకోసమే క్లినిక్ పెట్టమని ఆ అమ్మాయికి చెప్పొద్దు. ముందు రెండు మూడేళ్లు ఎముకల ఆస్పత్రిలో అన్ని రకాల కేసులూ చూడనివ్వండి. ఆపరేషన్ అయిన మోకాలు మొదటి వారం ఎట్లా ఉంటుందో చూడకుండా తొమ్మిదో నెలలో పరుగెత్తించడం ప్రమాదం.

మెట్లదారి:
ఇదంతా నాన్నకు చదివి వినిపించాను. "పోలీసు పరీక్షకు తయారయ్యే పిల్లల దగ్గర డబ్బులెక్కడివి?" అంటున్నారు.

పొద్దున్నే_పరుగు:
పిల్లల దగ్గర ఉండవు, కోచింగ్ సెంటర్ల దగ్గర ఉంటాయి. సిట్టింగుకు ఇంత అని కాకుండా నెలకు ఇంత అని వాళ్లతోనే మాట్లాడుకోవాలి.