తాతయ్య కొన్న మిలిటరీ జీపును మళ్లీ రోడ్డెక్కించాలి, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కృష్ణలంక కుర్రాడు
తెనాలి దగ్గర మా ఊళ్లో రేకుల షెడ్డులో ఒక పాత జీపు ఉంది. తాతయ్య ఎప్పుడో మిలిటరీ వేలంలో కొన్నారట. ఎడమ చేతి స్టీరింగు, ముందు గ్రిల్లుకి తొమ్మిది చీలికలు. ఇంజిన్ పట్టేసింది, ఫ్లోరు తుప్పుపట్టి చిల్లులు పడింది. ఆర్సీ మాత్రం నాన్న బీరువాలో భద్రంగా ఉంది. ఆటోనగర్‌లో ఒకాయనకి చూపిస్తే "పెట్రోలు ఇంజిన్ పీకేసి డీజిల్ పెట్టేద్దాం, నెల తిరక్కుండా ఇచ్చేస్తా" అన్నారు. నాకు మనసొప్పడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఆలివ్ గ్రీన్ వేయించాలని తమ్ముడి పట్టు.

లేత్ మాస్టర్, ఆటోనగర్
ముందు అది ఏ బండో తేల్చుకోండి తమ్ముడూ. తొమ్మిది చీలికలంటే యుద్ధకాలం గ్రిల్లు. తర్వాత వచ్చిన సివిల్ జీపులకు ఏడే ఉంటాయి. అయితే విల్లీస్ ఎంబీ, కాకపోతే ఫోర్డ్ జీపీడబ్ల్యూ. 1941 నుంచి 45 దాకా ఈ రెండూ కలిపి ఆరు లక్షలకు పైగా తయారయ్యాయి. రేడియేటర్ కింద చాసిస్‌కి, అంటే బండి కింది ఇనుప చట్రానికి, అడ్డంగా ఉన్న మెంబరు చూడండి. గుండ్రటి గొట్టమైతే విల్లీస్, బోర్లించిన కాలువ ఆకారమైతే ఫోర్డ్. ఫోర్డ్‌లో చాలా బోల్టుల తలల మీద ఎఫ్ అక్షరం కూడా ఉంటుంది. బాడీని నమ్మకండి, ఇన్నేళ్లలో బాడీలు మారిపోయి ఉంటాయి. చాసిస్ అబద్ధం చెప్పదు.

పట్టేసిన ఇంజిన్‌ని హ్యాండిల్ వేసి బలవంతంగా తిప్పొద్దు. ప్లగ్గులు తీసి నాలుగు సిలిండర్లలోనూ డీజిలూ ఇంజినాయిలూ కలిపి పోసి, కొన్నాళ్లు నాననివ్వండి. ఆ తర్వాత టాప్ గేరులో పెట్టి, బండినే ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఊపండి. కదలకపోతే హెడ్ దించండి. అది సైడ్ వాల్వు ఇంజిన్, 2199 సీసీ, 60 హార్స్‌పవర్. హెడ్ ఎత్తితే పిస్టన్లూ వాల్వులూ అన్నీ కళ్లెదురుగానే ఉంటాయి. ఇంత సులువుగా చేతికి అందే ఇంజిన్ ఇప్పుడెక్కడుంది?

పల్నాడు రోడ్డు
నేను డీజిల్ వైపే మాట్లాడతాను. మా నాన్న మాచర్ల వైపు సర్వీసు జీపు తిప్పి మమ్మల్ని చదివించారు. పెట్రోలు పోసి తిప్పుంటే ఇల్లు గడిచేది కాదు. డీజిల్ ఇంజిన్ ఎక్కించడం వల్లే ఆ తరం జీపులు పాతసామాన్ల కొట్టుకు పోకుండా బతికాయి. రోజూ వాడే ఉద్దేశం ఉంటే ఆ మెకానిక్ చెప్పిందాంట్లో తప్పేం లేదు.

ఫైలు పట్టుకుని తిరిగేవాడిని
మీ నాన్నగారి రోజుల్లో అది సరే అన్నా. ఈ బండి విషయం వేరు. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకు రూల్స్ తెచ్చింది. యాభై ఏళ్లు దాటి ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలోనే ఉండాలి. డీజిల్ ఎక్కించిన రోజే ఆ అర్హత పోతుంది.

కొత్తగా రిజిస్టర్ చేయించేవాళ్లకు వీఏ సిరీస్ నంబరు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. రెన్యూవల్‌కి 5,000. పాత ఆర్సీ ఉన్నవాళ్లు పాత నంబరే ఉంచుకోవచ్చు. అందుకే ఆ కాగితం బంగారం. ఒక్క సంగతి, వింటేజ్ కింద ఉన్న బండిని రోజువారీ పనులకూ కిరాయికీ తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించడానికి, రిపేరుకు తీయొచ్చు.

బోల్టు విప్పకముందే చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు సున్నితంగా శుభ్రం చేసి ఫొటోలు తీసి ఆర్సీతో సరిచూసుకోండి. ఇసుక చిమ్మి తుప్పు వదిలించే సాండ్ బ్లాస్టింగ్‌కి ఇచ్చాక అంకెలు అరిగిపోతే బ్రేకు ఇన్‌స్పెక్టర్ ముందు నోరు పెగలదు.

రిటైర్డ్ ఈఎంఈ, గుంటూరు
ఆలివ్ గ్రీన్ వద్దు బాబూ. సెంట్రల్ మోటారు వాహనాల రూల్స్‌లో 121వ రూలు ప్రకారం రక్షణ శాఖ బండ్లకు తప్ప ఎవరికీ ఆ రంగు వేయకూడదు. పైకి చూసే బాణం గుర్తుతో నంబరు కూడా రాయించకండి. ఆ బాణం పక్కన వచ్చే రెండంకెలు బండి సైన్యంలో చేరిన సంవత్సరం. అది సర్వీసులో ఉన్న బండికి దక్కే గౌరవం. ఇసుక రంగు వేయించండి. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ సైన్యం జీపులు ఆ రంగులో తిరిగాయి. మన నాలుగో ఇండియన్ డివిజన్ కూడా అక్కడ పోరాడింది.

మీ జీపు హెడ్‌లైట్ల వెనక చెవుల నట్టు ఉంటుంది, చూడండి. దాన్ని వదులు చేస్తే లైటు మొత్తం వెనక్కి తిరిగి ఇంజిన్ మీద వెలుగు పడుతుంది. రాత్రిపూట టార్చి లేకుండా రిపేరు చేసుకోవడానికి పెట్టిన ఏర్పాటు. ఆ బ్రాకెట్లు పోకుండా కాపాడుకోండి.

ఈఎంఈలో, అంటే సైన్యం బండ్లు బాగుచేసే విభాగంలో, నేను ఎక్కువగా పనిచేసింది జోంగా అనే మిలిటరీ జీపు మీద. నిస్సాన్ కంపెనీ 'పాట్రోల్' మోడల్ బండిని లైసెన్సు తీసుకుని జబల్‌పూర్‌లో 1969 నుంచి 1999 దాకా తయారుచేశారు. ఆరు సిలిండర్లు, 3956 సీసీ. పెట్రోలు మంచినీళ్లలా తాగేది. అయినా ఏ ఇసుకలో దింపినా లాక్కొచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా జోంగా స్టార్టయితే చెవి అటే పోతుంది.

రేపల్లె రవ్వ
జోంగా అన్నారు కాబట్టి శక్తిమాన్ మిలిటరీ లారీ గురించి రాయాలనిపించింది. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత మా వైపు రోడ్లన్నీ విరిగిన తాటిచెట్లతో, పశువుల కళేబరాలతో మూసుకుపోయాయి. అప్పుడు మిలిటరీ లారీలు వచ్చాయి. నేను పిల్లవాణ్ణి. చక్రం నా ఎత్తుంది. ఒక సిపాయి నా చంకల్లో చేతులు వేసి పైకెత్తి, బియ్యం బస్తాల మధ్య కూచోబెట్టాడు. అతని భాష నాకు రాదు. బురదలో చక్రాలు గిర్రున తిరిగినప్పుడు డ్రైవరు కిందికి దిగి ఏదో చేసి ఎక్కాడు, బండి కదిలింది. అది ముందు చక్రాలకు కూడా పవరు వెళ్లే లారీ అని పెద్దయ్యాక తెలిసింది. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో 1959 నుంచి జబల్‌పూర్‌లో చేసిన బండి. అలాంటి శక్తిమాన్‌ని ఎవరైనా మన జిల్లాలో నిలబెడితే నా వంతు డబ్బు నేనిస్తాను.

బుల్లెట్ మూడొందల యాభై
పెట్రోలు గురించి ఎవరూ చెప్పలేదు. మీ ఇంజిన్ కంప్రెషన్ తక్కువ, ఆక్టేన్ తక్కువున్న మామూలు పెట్రోలైనా ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా ఇథనాల్‌తోనే. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలుకి పంపులోని పాతకాలం రబ్బరు డయాఫ్రం, కార్కు ప్యాకింగులు పాడవుతాయి. ఇథనాల్‌కి తట్టుకునే డయాఫ్రం, పైపులు ముందే వేయించండి. పెట్రోలు ట్యాంకు మీ జీపులో డ్రైవరు సీటు కిందే ఉంటుంది, కాబట్టి లీకు విషయంలో రాజీ పడొద్దు. బండి నెలల తరబడి నిలబెడితే ట్యాంకు ఖాళీ చేయండి. ఇథనాల్ తేమ లాక్కుని లోపల మళ్లీ తుప్పు పడుతుంది.

మే నెల బెజవాడ ఎండలో పెట్రోలు పైపులోనే ఆవిరైపోయి బండి ఆగిపోవచ్చు. టెన్షన్ పడకండి. పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగితే మళ్లీ అందుకుంటుంది.

కృష్ణలంక కుర్రాడు
అందరికీ నమస్కారం. చాసిస్ మెంబరు గుండ్రంగానే ఉంది, విల్లీస్! నంబరు ఆర్సీతో సరిపోయింది. డీజిల్ ఆలోచన మానేశాం. ఇసుక రంగుకి తమ్ముడు ఒప్పుకున్నాడు. ప్లగ్గులు తీసి ఆయిలు పోశాం. హెడ్‌లైటు బ్రాకెట్లలో కుడివైపుది విరిగి ఉంది. ఎడమది చూసి అలాంటిదే చేయించొచ్చా మాస్టారూ?

లేత్ మాస్టర్, ఆటోనగర్
చేయొచ్చు. రెండూ విప్పి తీసుకురండి, విరిగిన ముక్క పారేయకండి. ఆదివారం తప్ప ఎప్పుడైనా షెడ్డులోనే ఉంటాను.