గండభేరుండానికి ఇనుప కవచం: ఎగిరే జంతువుకు కవచం తొడిగితే కథ నమ్మేలా ఉంటుందా?

భీమిలి తీరం:
సభ్యులందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఒక కాల్పనిక నవల రాస్తున్నాను. అందులో మన విశాఖలోని డాల్ఫిన్ నోస్ వంటి కొండ మీద కోట కట్టుకున్న ఒక చిన్న రాజ్యం ఉంటుంది. అక్కడి సైనికులు గండభేరుండ పక్షుల మీద స్వారీ చేస్తారు, ఆ పక్షులకు మెడ నుంచి తోక మొదలు దాకా ఇనుప రేకుల కవచం ఉంటుంది. ఒక అధ్యాయాన్ని కథగా మలిచి పోటీకి పంపితే "కవచం అవాస్తవం" అన్న రెండు మాటలతో తిరిగి వచ్చింది. రెండు తలల పక్షిని ఒప్పుకున్నవారు దాని ఒంటి మీది ఇనుమును ఎందుకు ఒప్పుకోలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టడం లేదు. గుర్రాలకు కవచాలు తొడగలేదా? ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో, రాయల్ ఆర్మరీస్ మ్యూజియంలో, మన దేశం నుంచి వెళ్లిన ఏనుగు కవచం నేటికీ ఉంది కదా?

పాత మెకానిక్:
ఆ ఏనుగు కవచం మీ వాదనకు సాయం చేయదు. ఇప్పుడు మిగిలి ఉన్న రేకులతో దాని బరువు 118 కిలోలు. దానిని మోసే ఏనుగు మూడు నాలుగు టన్నులు ఉంటుంది, పైగా అది నేల మీద నడుస్తుంది. నేను ముప్పై ఏళ్లు విమానాల మరమ్మతులో పనిచేశాను. నేల మీద బరువు ఒక ఇబ్బంది మాత్రమే, గాలిలో అదే అసలు ప్రశ్న.

లెక్క చూడండి. మన తీరంలో కనిపించే తెల్లపొట్ట సముద్రపు గద్ద రెక్కలు చాపితే సుమారు 2 మీటర్లు, పెద్దదైతే బరువు సుమారు 4 కిలోలు. మనిషిని మోయడానికి దానిని ఆరు రెట్లు పెంచారనుకుందాం. రెక్కలు 12 మీటర్లవుతాయి, రెక్కల వైశాల్యం 6×6, అంటే 36 రెట్లు పెరుగుతుంది, కానీ బరువు 6×6×6, అంటే 216 రెట్లు పెరిగి 860 కిలోలు దాటుతుంది. ఈ సూత్రాన్ని గెలీలియో 1638లోనే వివరించాడు. భూమి మీద ఎగిరిన జంతువుల్లో అతి పెద్దదిగా చెప్పే క్వెట్జల్‌కోట్లస్ రెక్కలు చాపితే 10, 11 మీటర్లు. దాని బరువును శాస్త్రవేత్తలు ఎక్కువగా 200 నుంచి 250 కిలోలుగా అంచనా వేస్తారు. మీ పక్షి ఇనుము తొడగకముందే ఆ హద్దు దాటిపోయింది.

కొబ్బరితోట:
మా తోటలో చెట్ల మొవ్వు తొలిచే కొమ్ము పురుగు ఒళ్లంతా కవచమే. అయినా రాత్రి దీపం దగ్గరకు ఎగిరి వస్తుంది. దీనికి ఏమంటారు?

పాత మెకానిక్:
అది కొన్ని గ్రాముల జీవి. ఒళ్లు చిన్నదయ్యేకొద్దీ బరువుతో పోలిస్తే వైశాల్యం ఎక్కువవుతుంది కాబట్టి దానికి చెల్లుతుంది.

కొబ్బరితోట:
బరువు మాట ఒప్పుకుంటాను. అయితే ఒక సంగతి నేను దగ్గరగా చూశాను. ఎగరబోయే ముందు ఆ పురుగు వీపు మీది రెండు గట్టి పెంకులను పక్కలకు ఎత్తి పట్టుకుంటుంది, వాటి అడుగున మడత పెట్టుకున్న పలుచని రెక్కలను విప్పుతుంది, ఆ తర్వాతనే లేస్తుంది. అంటే దాని కవచం రెక్కకు అడ్డం రాదు. కథకులు చూడవలసింది ఆ అమరికను అని నా అభిప్రాయం.

పెదవాల్తేరు పాఠకుడు:
రావణుడు జటాయువు రెక్కలనే నరికాడు. రెక్కకు కాపు లేనప్పుడు మిగిలిన ఒంటికి ఎంత ఇనుము ఉండి ఏం లాభం?

భీమిలి తీరం:
రెక్కలకు కూడా పలుచని రేకులు తొడిగిస్తాను.

పాత మెకానిక్:
అలా అసలే చేయకండి. రెక్క చివర పెట్టిన ప్రతి గ్రామునూ పక్షి ప్రతి ఊపుకూ పైకి లేపి, ఆపి, మళ్లీ కిందికి తోయాలి. రొమ్ము దగ్గర మోయగలిగే బరువు రెక్క చివరకు చేరితే కండరాన్ని పిండేస్తుంది.

లెక్కల విద్యార్థి:
రెండో ప్రపంచ యుద్ధంలో, 1943లో, అబ్రహాం వాల్డ్ అనే గణిత శాస్త్రజ్ఞుడు ఇటువంటి ప్రశ్న మీదనే పనిచేశాడు. తిరిగి వచ్చిన విమానాల్లో తూట్లు కనిపించని చోట్లనే కవచం పెట్టాలి, ఎందుకంటే ఆ చోట్ల దెబ్బ తిన్న విమానాలు తిరిగి రానేలేదు అన్నది అతని తర్కం. గండభేరుండానికి ఆ చోట్లు ఏవో తేల్చుకుంటే తక్కువ ఇనుముతో సరిపోతుంది.

భీమిలి తీరం:
మెకానిక్ గారూ, విమానాలకు కూడా కవచం ఉండేది కదా? రష్యన్ల ఐఎల్-2 విమానం సుమారు 700 కిలోల ఉక్కు కవచంతో ఎగిరిందని చదివాను. దానికి చెల్లింది నా పక్షికి ఎందుకు చెల్లదు?

పాత మెకానిక్:
చదివినది నిజమే కానీ సగమే చదివారు. ఐఎల్-2లో ఆ ఉక్కు పెంకే విమానం ముందు భాగపు ఒడలు. ఇంజిన్‌నూ పైలట్‌నూ కాపాడుతూ, ఆ భాగపు భారాన్ని కూడా అదే మోసింది. అస్థిపంజరం కట్టి దాని మీద కవచం తొడిగి ఉంటే అంత బరువుతో ఎగరడం కష్టమయ్యేది. కర్ణుడి కవచంలాగ మీ పక్షికి కూడా కవచం ఒంటితో పాటు పుట్టాలి, లేదా ఉండనే కూడదు. బీచ్ రోడ్డులో టీయూ-142 ప్రదర్శనశాలకు వెళ్లి ఆ విమానం రెక్క కింద ఒక్క పది నిమిషాలు నిలబడండి. ఎగిరే వస్తువులో పనిలేని బరువు ఎక్కడా కనిపించదు. రెండేళ్లు నవల రాసి, ఒక్క గంట ఈ లెక్కకు కేటాయించకపోవడం పాఠకుడిని చిన్నచూపు చూడటమే.

భీమిలి తీరం:
ఈ మాట నన్ను బాధించింది. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లలను నిద్రపుచ్చి, రాత్రి పదకొండు తర్వాత రాసుకున్న నవల ఇది. మీకు కావలసింది విమానం, నేను రాసినది పక్షిని. ఆ పోటీ న్యాయనిర్ణేత లాగే మీరు కూడా ఆ కవచం ఎవరు చేశారో, ఎందుకు చేశారో ఒక్కసారి కూడా అడగలేదు. నా కథలో అది రాజు చేయించినది కాదు. నాయకుడి మొదటి పక్షి బాణం తగిలి సముద్రంలో పడిపోతుంది. రెండో పక్షి పిల్లగా ఉన్నప్పుడే అతని తల్లి ఊళ్లోని పాత నాగళ్ల ఇనుము కరిగించి దానికి కవచం చేయిస్తుంది. మరొకదాన్ని పోగొట్టుకోలేని మనిషి చేసే పని అది. అందులో అవాస్తవం ఏమిటి?

పావురాల గూడు:
ఇంతవరకూ చదువుతూ ఊరుకున్నాను. ఈ చివరి మాట చూశాక రాయక తప్పడం లేదు.

అందరూ బరువు గురించే వాదిస్తున్నారు. అంతకన్నా ముందు ఆ పక్షికి ఊపిరి ఆడాలి. పక్షికి మనకున్నట్టు ఉదర వితానం, అంటే ఊపిరి పీల్చడానికి సాయపడే కండరపు పొర, ఉండదు. రొమ్ము ఎముక కిందికీ ముందుకూ కదిలితేనే లోపలి గాలి సంచులు నిండుతాయి. ఆ ఎముకను కదలకుండా బిగిస్తే, ముక్కు రంధ్రాలు తెరిచి ఉన్నా పక్షి ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతుంది.

ఇది నేను పుస్తకంలో నేర్చుకోలేదు. నాకు పన్నెండేళ్లప్పుడు, సంక్రాంతి రోజుల్లో, మా మేడ మీద పెంచుకుంటున్న పావురానికి గాలిపటం మాంజా తగిలి రెక్క కోసుకుపోయింది. రెక్క కదిలితే రక్తం కారుతుందని భయపడి, అమ్మ పాత చీర చింపి రెక్కతో సహా ఒళ్లంతా గట్టిగా చుట్టాను. అది ముక్కు తెరిచి, ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందికీ పైకీ ఆడిస్తూ ఉంటే, నొప్పికి అలా చేస్తోందనుకుని కట్టు ఇంకొంచెం బిగించాను. తెల్లవారేసరికి పోయింది. గాయంలో రక్తం అప్పటికే గడ్డకట్టి ఉంది. దానిని చంపినది మాంజా కాదు.

మీ నాయకుడి తల్లి చేసిన పని నేనూ చేశాను. పోగొట్టుకోలేకనే చేశాను. అందుచేత ఆ తల్లి నాకు అవాస్తవంగా అనిపించలేదు. ఆ కవచం తొడుక్కుని మీ పక్షి హాయిగా ఎగిరిపోవడమే నాకు అవాస్తవంగా తోచింది.

కొబ్బరితోట:
ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

భీమిలి తీరం:
క్షమించండి. మీ మాట ముందే విని ఉంటే ఇంత వాదన పెట్టుకునేదాన్ని కాదు. మూడో అధ్యాయంలో ఆ తల్లి పక్షి రొమ్ము మీద పట్టీ బిగించే ఘట్టం ఉంది. ఇప్పటివరకూ అక్కడ పక్షి కదలకుండా నిలబడి ఉంటుంది. ఆ పట్టీ బిగిసినప్పుడు అది ఏం చేస్తుందో కాస్త వివరంగా చెప్పగలరా?

పావురాల గూడు:
మొదట మెడ చాచుతుంది. ముక్కు కొద్దిగా తెరుస్తుంది. తర్వాత తోక ఊగడం మొదలవుతుంది. అరవదు. పెంచిన మనిషి చేతిలో ఉన్న పక్షి తరచుగా అరవదు, అందువల్లనే నాకు తెలియలేదు. పట్టీ రొమ్ము మీదుగా కాకుండా మెడ మొదట్లో వదులుగా వేలాడే తోలు ముక్కగా ఉంటే ఊపిరికి అడ్డం రాదు.

పాత మెకానిక్:
అమ్మా, చిన్నచూపు అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. బరువు విషయంలో మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది. తోలు ముక్క ఎన్ని గ్రాములో రాసి పంపండి, మెడ మీద పెడితే పక్షి తూకం ఎంత ముందుకు జరుగుతుందో లెక్క వేసి చెబుతాను.