దీపావళి సంగీత నాటకం: సత్యభామ తన్నిన తర్వాతి సీను తీసేయొద్దు (హైదరాబాద్ నుంచి)

మెల్‌బోర్న్‌లో మన దీపావళి నాటకం వేస్తున్న అందరికీ నమస్కారం. హైదరాబాద్ వచ్చి పది రోజులైంది. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది, అడిగిన వాళ్ళందరికీ థాంక్స్. మీ మెసేజీలన్నీ రాత్రి కూర్చుని చదివాను. ఈ వారం కొత్తగా చేరిన వాలంటీర్ల కోసం కథ ఒకసారి చెప్పి, తర్వాత పోయిన మీటింగులో ముగింపు మార్చేద్దామన్న దాని మీద నా మాట చెప్తాను.

ఊరూరా తిరిగి పద్యనాటకాలు ఆడే ఒక నాటక సమాజం. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నటులే. ఆయనది కృష్ణుడు, ఆమెది సత్యభామ. లారీ కిరాయి కోసం తాకట్టు పెట్టానని ఆయన చెప్పిన ఆమె గొలుసు, ఆ సాయంత్రం రంగు వేసుకునే చోట రుక్మిణి వేషం అమ్మాయి మెడలో కనిపిస్తుంది. తెర లేవడానికి గంట టైముంది. ఆ రోజు ఆడాల్సింది పారిజాతం కథే. నారదుడు తెచ్చిన పువ్వును కృష్ణుడు రుక్మిణికిస్తాడు, సత్య అలకపాన్పు ఎక్కుతుంది, బతిమాలుతూ కాళ్ళ మీద పడిన మొగుడి తలను ఎడమకాలితో తోస్తుంది. రోజూ ఉత్తుత్తిగా తన్నే ఆవిడ ఆ రాత్రి నిజంగా తంతుంది. కిరీటం దొర్లిపోతుంది. జనానికేం తెలుసు? ఈలలు, చప్పట్లు, ‘వన్స్ మోర్’.

మనం రాసుకున్నది ఇంతవరకూ బాగుంది. పోయిన మీటింగులో మీరు మార్చాలనుకున్నది ఆ తర్వాత వచ్చే భాగం. పండగ పూట, పిల్లలుంటారు, ఏడుపెందుకు, తన్ను పడగానే డాన్స్ పెట్టి నవ్వుల్లో ముగించేద్దాం అన్నారు. నాకు మాత్రం నాటకం అసలు అక్కడే మొదలవుతుంది.

లైటింగ్ చూసే తమ్ముడు పోయినేడు చూసొచ్చి చెప్పిన ఇటలీ ఒపేరా ‘పాలియాచ్చి’ గుర్తుందా? మనకీ ఆలోచన వచ్చింది దాన్నుంచే. లియోన్‌కవాల్లో రాశాడు, 1892 మే 21న మిలాన్‌లో మొదటిసారి ఆడారు. అదీ ఊళ్ళు తిరిగే నాటకాల వాళ్ళ కథే. భార్యకు వేరే మనిషితో సంబంధం ఉందని తెలిసి, విదూషకుడి వేషంలో ఉన్న మొగుడు స్టేజీ మీదే ఆమెను పొడిచి చంపుతాడు. చూస్తున్న ఊరివాళ్ళు చాలాసేపు అది నటనే అనుకుంటారు. సంగీతం ఎంత గొప్పదైనా ఆ ముగింపు నాకు మింగుడుపడదు. అసూయకు బలయ్యేది ఎప్పుడూ ఆడదేనా? మన కథలో తప్పు చేసింది మొగుడు, కోపం ఆమెది. అందుకే నంది తిమ్మన ఐదొందల ఏళ్ళ కిందట ‘పారిజాతాపహరణం’ కావ్యంలో రాసిన సత్యభామ మనకు సరిగ్గా సరిపోయింది. తిమ్మన కృష్ణుడు తన్ను తిని కూడా, నా ఒంటి పులకలు ముళ్ళై నీ పాదానికి గుచ్చుకున్నాయేమోనని బాధపడతాడు. మన మొగుడు వేషం వేసుకుని అదే మాట అనాలి. నిజం తన్ను తిన్నవాడి నోట ఆ మాట ఎంత సిగ్గుతో వస్తుందో ఊహించుకోండి.

ఆదివారం లింగంపల్లి సురభి కాలనీకి వెళ్ళాను. సురభి నాటకాలు మొదలైంది 1885లో, కడప జిల్లా సురభి ఊళ్ళో, ‘కీచకవధ’తో. అంటే ఆ ఇటలీ ఒపేరాకు ఏడేళ్ళ ముందే మన దగ్గర కుటుంబాలకు కుటుంబాలు ఇలా స్టేజీ మీద బతకడం మొదలుపెట్టాయి. భార్యాభర్తలు, తల్లీకొడుకులు ఒకే నాటకంలో వేషాలు కట్టడం వాళ్ళకు మామూలు. మన కథ వినగానే అక్కడ ఒక పెద్దావిడ నవ్వలేదు. కాసేపు ఊరుకుని, లేచి, తన్ను ఎలా తన్నాలో చూపించింది. కాలు తలకు తగలదు, అంగుళం దూరంలో ఆగిపోతుంది. వెనక్కి విసిరేది కృష్ణుడే, తన తలని తనే. కిరీటం తాడు ముందే వదులు ముడి వేసి ఉంచాలి. డెబ్బై దాటిన ఆవిడ గోడ పట్టుకోకుండా ఎడమకాలు ఎత్తి గాల్లో అలా నిలిపింది. మడమ ఇంచు కూడా వణకలేదు.

వన్స్ మోర్ అంటే ఏం చేసేవారమ్మా అని అడిగాను. పద్యం మొదటి నుంచీ ఎత్తుకోవాల్సిందేనట. చల్లారిన కోపాన్ని మళ్ళీ తెచ్చుకోవడమే కష్టమని చెప్పింది. ఇంటికొచ్చే ఎంఎంటీఎస్ రైల్లో నాకు సీను మొత్తం కళ్ళకు కట్టింది. ఇలా చేద్దాం.

మొదటిసారి పద్యం అఠాణా రాగంలో, కోపంగా, వేగంగా. తన్ను. కిరీటం. వన్స్ మోర్. హార్మోనియం ఆయన అలవాటుగా శ్రుతి అందుకుంటాడు. కృష్ణుడు మళ్ళీ తల వంచుతాడు. ఈసారి నిజంగా కాళ్ళు పట్టుకుంటాడు. అదే పద్యం ముఖారి రాగంలో మొదలవుతుంది, నెమ్మదిగా. కాలు లేస్తుంది, గాల్లోనే ఆగుతుంది, దిగిపోతుంది. ఆమె వెళ్ళి కిరీటం తీసుకొచ్చి తనే ఆయన తలకు పెట్టి, తాడు బిగించి కట్టి, హార్మోనియం వైపు ‘కానివ్వండి’ అన్నట్టు తల ఊపుతుంది. ఇరవై మంది కూలి ఆ రాత్రి టికెట్ల మీద ఉంది మరి. ఆయన్ని క్షమించిందని మాత్రం ఎక్కడా చూపించొద్దు. ఇంకొకటి, రుక్మిణి వేషం అమ్మాయిని దయచేసి విలన్‌ని చేయకండి. గొలుసు ఎవరిదో ఆమెకూ అప్పుడే తెలిసినట్టు ఒక్క చూపు చాలు.

నవ్వులు తగ్గుతాయని టెన్షన్ వద్దు. ముందు గంటసేపు నారదుడు, చెలికత్తె, డబ్బులెగ్గొట్టే కాంట్రాక్టరు ఉన్నారుగా. అంత నవ్వాకే ఆ నిశ్శబ్దానికి బలం.

హార్మోనియం బాబాయ్ గారి జవాబు:
అమ్మాయ్, చదివి కళ్ళు తుడుచుకున్నాను. అఠాణా నుంచి ముఖారికి వెళ్ళేటప్పుడు మధ్యలో ఒక నాలుగు క్షణాలు ఉత్త షడ్జమం, అంటే ‘స’ ఒక్కటే, పట్టి ఉంచుతాను. తబలా అస్సలు వద్దు. తీసేయమని మీటింగులో చెయ్యెత్తిన వాళ్ళలో నేనూ ఉన్నాను, నా ఓటు వెనక్కి తీసుకుంటున్నాను.

వంటల వదిన జవాబు:
ఆడదాన్ని ఇలా చూపిస్తే మా అత్తగారు కూడా లేచి చప్పట్లు కొడతారు. కాకపోతే ఏడున్నరకల్లా అయిపోవాలి, ఆ తర్వాత పులిహోర ఆగినా పిల్లలాగరు.

నా జవాబు: వదినా, ఏడుంపావుకే తెర దించేస్తాం, మాటిస్తున్నాను.

ఇక సామాన్లు. బొమ్మల తెరలు తేలేను, బరువు. వాటి బదులు భామాకలాపంలో ఇద్దరు పట్టుకునే అడ్డతెర కుట్టిస్తున్నాను, ఎర్ర శాటిన్, జరీ అంచు. సత్య ముందు జడ తెర మీదుగా వేసి, ఆ తర్వాతే కనిపిస్తుంది. స్టేజీ ఖర్చు లేకుండా ప్రవేశం అదిరిపోతుంది. కిరీటం, భుజకీర్తులు కోఠి దగ్గర ఒక డ్రెస్ కంపెనీలో చూశాను. అద్దెకు విదేశాలకివ్వరట, కొనాల్సిందే. గాజులు లాడ్ బజార్లో తీసుకుంటాను, సత్య వేసే అక్క చేతి సైజు పంపాలి.

పారిజాతాలు అసలువి తేకూడదు, విత్తనాలు కూడా. మెల్‌బోర్న్ ఎయిర్‌పోర్టులో ఊరుకోరు. తెల్ల సిల్కు రెక్కలు, కాషాయం రంగు దారం చుట్టిన కాడ, అమ్మ కంటికి కట్టు విప్పాక నాలుగు చేసి చూపించింది. దూరం నుంచి అచ్చం తెల్లారి మా పెరట్లో రాలినట్టే ఉన్నాయి. చెక్క హార్మోనియం తెస్తే ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చేయాలి, అందుకని బాబాయ్ గారి పాతదే వాడదాం.

రిహార్సల్ మీకు సాయంత్రం ఏడుకి అయితే నాకిక్కడ మధ్యాహ్నం రెండున్నర. అక్టోబర్ మొదటి ఆదివారం మీ గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, అప్పట్నుంచి నాకు ఒకటిన్నర. వీడియోలో నేనుంటాను.

కృష్ణుడు వేసే అన్నయ్య ఈ వారం ఒక పని చేయాలి. ఇంట్లో దిండు మీద మోకాళ్ళేసి, తల వెనక్కి విసరడం రోజూ పదిసార్లు, మెల్లగా, మెడ జాగ్రత్త. కిరీటానికి బదులు స్టీలు గిన్నె పెట్టుకోండి, ముడి ఎంత వదులుండాలో దాంతోనే తేలిపోతుంది. వీడియో తీసి పెడితే బుధవారం లింగంపల్లి వెళ్ళి ఆవిడకు చూపించి వస్తాను.