కొత్తగా వచ్చిన, ఇంటోళ్ల పేర్లు సమజైతలేవు

అన్నలూ అక్కలూ, ఇజ్రాయెల్‌ల రామత్ గన్‌ల ముసలోళ్లను చూసుకునే కేర్‌గివర్ పనికి వచ్చి రెండు వారాలైంది. చర్చికి పోయేటోన్నే గానీ ఈళ్ల పేర్లు ఒక్కటి నోరు తిరుగుతలేదు, కార్డు మీద ఒకటుంటది, ఇంట్ల ఇంకోటి పిలుస్తరు. ఎట్ల పట్టుకోవాలె?

>> తమ్మీ పరేషాన్ కాకు, సగం పేర్లు నీకు ముందే తెల్సు. ఇంగ్లీషు మోజెస్ మర్చిపో, మన తెలుగు బైబిల్ల మోషే, మిర్యాము అని ఉన్నయి చూడు, ఇక్కడ గూడ అదే మోషే, అదే మిర్యామ్. పేరు నడుమ, చివర మన 'బ' ఉన్నకాడ ఈళ్లు ఎక్కువ 'వ' అంటరు, ఒక్క అక్షరమే రెండు తీర్ల పలుకుతది. అబ్రాహాము అవ్రహామ్, యాకోబు యాకోవ్, రిబ్కా రివ్కా. మొదట్ల ఉంటే బ నే, బిన్యమీన్.

అసలు తిప్పల ముద్దుపేర్లతోని. నేను చూసుకున్న తాతకు కార్డుల యిత్స్‌హాక్ అని ఉండె, అంటే మన ఇస్సాకు, 'నవ్వుతడు' అని అర్థం, ముసలితనంల కొడుకు పుడ్తడంటే శారా నవ్వింది కదా ఆ కథే, క్లినిక్‌ల నర్సు ఇత్సిక్ ఇత్సిక్ అని పిలుస్తుంటే ఇంకెవరో అనుకుని కూసున్న, నంబర్ పోయింది, మళ్ల గంట. యోసెఫ్‌ను యోసీ అంటరు, యాకోవ్‌ను కోబీ, దవీద్‌ను దూదీ. మందుల డబ్బా మీద మాత్రం కార్డుల పేరే చూస్కో.

ముసలోళ్లయి అన్నీ హీబ్రూ పేర్లే అనుకోకు. యూరప్‌కెల్లి వచ్చినోళ్లకు యిడ్డిష్, అంటే ఆడి యూదుల పాత భాష, పేర్లు గూడ ఉంటయి, గోల్డా అంటే మన బంగారమ్మ, అదే హీబ్రూల జహావా. హీబ్రూలనే జెయేవ్ అంటే తోడేలు, దోవ్ ఎలుగుబంటి, దెవోరా తేనెటీగ. నవ్వకు, మన ఊర్ల నర్సింలు, నాగయ్య లేరా.

>> తల్, నోఆమ్ లాంటియి ఆడ మగ ఇద్దరికీ పెడ్తరు తమ్మీ, పేరు చూసి ఎవరో అనుకోకు. తల్ అంటే మంచు, పొద్దుగాల గడ్డి మీద ఉంటది సూడు, గది. ఇంకోటి, సార్ మేడం అంటే ఈళ్లకు నచ్చదు, పేరు పెట్టే పిలవమంటరు. నాకైతే అంత పెద్దామెను పేరు పెట్టి పిలువ నోరు రాలే, ఇమా అన్న, ఈళ్ల భాషల అమ్మ అన్నట్టు. ఆమెకు మస్తు ఖుష్.

>> థాంక్స్ అన్నా, అక్కా. అంటే మా తాత కొడుకు దవీద్, దూదీ ఒక్కడేనా? నిన్న ఇద్దరొస్తున్నరనుకుని రెండు చాయ్‌లు పెట్టిన.