వీల్‌చెయిర్ వాడే అభ్యర్థి సెలెక్ట్ అయ్యారు. అద్దె బిల్డింగ్, లిఫ్ట్ ముందు రెండు మెట్లు. చట్టం ఏమంటుంది?

అమీర్‌పేట_అడ్మిన్:
మాది చిన్న బ్యాక్ ఆఫీసు, 34 మంది ఉద్యోగులం. మూడో అంతస్తు, అద్దెకి. అకౌంట్స్ పోస్టుకి టెస్టులో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చినావిడ వీల్‌చెయిర్ వాడతారు. లిఫ్ట్ ఉంది కానీ దాని ముందు రెండు మెట్లున్నాయి. ర్యాంపు అంటే ఓనర్ గారు పార్కింగ్ పోతుందంటున్నారు. మా డైరెక్టర్ గారేమో "ఆఫీసులో ఏం జరిగినా కంపెనీకి సంబంధం లేదు" అని కాగితం రాయించుకుందాం, లేదంటే ఇంటి నుంచే పని చేయమందాం అంటున్నారు. వికలాంగులకి ఇచ్చే 4 శాతం రిజర్వేషన్ ప్రైవేటుకి లేదు కదా, మరి వికలాంగుల హక్కుల చట్టం మాకు వర్తిస్తుందా? సోమవారం ఆఫర్ లెటర్ ఇవ్వాలి.

లేబర్_లా_నాంపల్లి:
రిజర్వేషన్ వేరు, వివక్ష వేరు. చాలామంది ఈ రెండూ కలిపేస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 4 శాతం కోటా (సెక్షన్ 34) ప్రభుత్వ సంస్థలకే. సెక్షన్ 21 మాత్రం ప్రతి సంస్థకీ వర్తిస్తుంది, మీతో సహా. సమాన అవకాశాల పాలసీ రాసి, ఒక కాపీ రాష్ట్ర వికలాంగుల కమిషనర్ దగ్గర నమోదు చేయాలి. ఆ చట్టం కింద వచ్చిన 2017 రూల్స్ ప్రకారం 20 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఆ పాలసీలో ఏ పోస్టులు అనువైనవి, ఎంపిక ఎలా, శిక్షణ, ప్రత్యేక సెలవు, సహాయక పరికరాలు అన్నీ ఉండాలి. వికలాంగుల నియామకం, సదుపాయాలు చూసుకోవడానికి ఒక లైజన్ ఆఫీసర్‌ని కూడా నియమించాలి. కొత్త మనిషి అక్కర్లేదు, మీ హెచ్‌ఆర్ వాళ్లలో ఒకరి పేరు రాస్తే చాలు. పాలసీని వెబ్‌సైట్‌లో పెట్టండి, అది లేకపోతే ఆఫీసులో అందరికీ కనపడేచోట అంటించండి.

ఇంటర్నెట్‌లో దొరికిన పాలసీకి కంపెనీ పేరు మార్చి పెట్టేస్తే పట్టుబడేది ఆ పోస్టుల జాబితా దగ్గరే. మీ ఆఫీసులో లేని "వెల్డర్" అందులో ఉంటుంది.

డైరెక్టర్ గారి కాగితం సంగతి: రాయించకండి. యజమానిగా మీ బాధ్యత దాంతో పోదు. పైగా మిగతా 34 మందితో రాయించుకోనిది ఈవిడ ఒక్కరితోనే రాయించుకున్నారంటే వివక్షకి సాక్ష్యం మీ చేతులతో మీరే తయారుచేసినట్టు. ఇంటి నుంచి పని ఆవిడ అడిగితే సదుపాయం, మెట్లున్నాయని మీరు పంపిస్తే వెలివేత. చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే జరిమానా 10,000 వరకు, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా.

ఓనర్ గారికి కూడా చెప్పండి: జనం వచ్చిపోయే ప్రైవేటు భవనం కూడా ఈ చట్టం లెక్కలో పబ్లిక్ బిల్డింగే. ఆ నిర్వచనంలో పనిచేసే చోట్ల పేరు విడిగా ఉంది. పాత భవనాల్ని మార్చుకోవడానికి 2017 రూల్స్ వచ్చిన దగ్గర్నుంచి ఇచ్చిన ఐదేళ్ల గడువు 2022లోనే అయిపోయింది.

ర్యాంప్_కొలతలు:
వాదనకి ముందు టేపు పట్టుకుని కిందికి దిగండి. వాలు 1:12, ఎత్తుకి పన్నెండు రెట్లు పొడవు. అంటే ఒక్కో మెట్టు 15 సెం.మీ. అయితే మొత్తం ఎత్తు 30, ర్యాంపు పొడవు 3.6 మీటర్లు. వెడల్పు 1.2 మీటర్లు పెట్టుకోండి, పైన చెయిర్ తిప్పుకోడానికి 1.5 మీటర్ల సమతల జాగా వదలండి. ఓనర్ "రెండు మీటర్లలో కట్టేద్దాం" అంటారు. ఒప్పుకోవద్దు, ఆ వాలులో చెయిర్ వెనక్కి దొర్లుతుంది. జాగా చాలకపోతే గోడ వెంబడి L ఆకారంలో తిప్పొచ్చు. కట్టడానికి ఒప్పుకోకపోతే, మడిచి పక్కన పెట్టే అల్యూమినియం ర్యాంపు కూడా అదే పొడవుది తీసుకోండి. అయితే రోజూ దాన్ని వేసేదెవరో వాచ్‌మన్‌తో సహా ముందే తేల్చుకోండి.

పైన నున్నటి గ్రానైట్ వేయించొద్దు, ఒక్క వాన పడితే జారుడుబండే. ఇంకోటి, ర్యాంపు కట్టిన మర్నాడే దాని మొదట్లో బైకులు పెడతారు. పసుపు గీతలు గీయించి, రెండు స్టీల్ పోస్టులు పాతించండి. వాటి మధ్య 90 సెం.మీ. తగ్గకూడదు, తగ్గితే చెయిరూ పట్టదు.

లిఫ్టు తలుపు పూర్తిగా తెరిచి, లోపలి ఖాళీ కొలవండి. ఫ్రేము కొలత పనికిరాదు. 90 సెం.మీ. ఉంటే నిశ్చింత. తక్కువైతే ఆవిడ చెయిర్ వెడల్పు అడిగి సరిచూసుకోండి. అసలు చిక్కు బాత్రూములో. మన దగ్గర పాత బిల్డింగుల్లో టాయిలెట్ గుమ్మం నాలుగైదు సెం.మీ. ఎత్తుగా ఉంటుంది, తలుపు లోపలికి తెరుచుకుంటుంది. చెయిర్ లోపలికెళ్లాక తలుపు మూసుకోదు. తలుపుని బయటికి తెరుచుకునేలా తిప్పించి, కమోడ్ పక్కన గోడకి పట్టుకునే కడ్డీ బిగించండి. లోపల 1.5 మీటర్ల చుట్టుకొలత ఖాళీ ఉండాలి.

అగ్నిప్రమాదంలో లిఫ్టు వాడకూడదు కాబట్టి మూడో అంతస్తు నుంచి దింపడానికి ఇవాక్యుయేషన్ చెయిర్ ఒకటి, దాన్ని వాడటం నేర్చిన ఇద్దరు మనుషులు ఉండాలి.

కొలతల్లో చిన్న సవరణ, పైన చుట్టుకొలత అన్నాను. 1.5 మీటర్ల వ్యాసం ఉన్న వృత్తం పట్టేంత ఖాళీ అని నా ఉద్దేశం.

అమీర్‌పేట_అడ్మిన్:
చాలా థ్యాంక్సండి. మరి UDID కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) చూపించాకే ఆఫర్ ఇవ్వాలా? వైకల్యం ఎంత శాతమో తెలియాలి కదా అంటున్నారు మా వాళ్లు.

పేరోల్_ఉప్పల్:
వద్దు. 40 శాతం వైకల్యం ఉందన్న సర్టిఫికెట్ కొన్ని ప్రయోజనాలకి గీత. వివక్ష చూపొద్దన్న రూలుకి ఆ గీత లేదు. ఆఫర్ ముందు అడగాల్సింది ఒక్కటే: "ఈ పని చేయడానికి మా దగ్గర ఏం ఏర్పాట్లు కావాలి?" అదీ మెయిల్లో అడగండి, జవాబు ఫైల్లో ఉంటుంది. శాతం, జబ్బు పేరు, ఎప్పట్నుంచి అనేవి ఇంటర్వ్యూ ప్రశ్నలు కావు.

చేరాక మాత్రం కార్డు అవసరమే. ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) నెల జీతం పరిమితి అందరికీ 21,000, వికలాంగులకి 25,000. ఆవిడ జీతం 23,000 అనుకుంటే పక్క సీటాయనకి ఈఎస్‌ఐ ఉండదు, ఆవిడకి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ అందర్నీ 21,000 దగ్గర ఆటోమేటిగ్గా తీసేస్తుంది, చేత్తో సరిచేయాలి. సెక్షన్ 22 కింద విడి రిజిస్టర్ కూడా తెరవండి, పేరు, చేరిన తేదీ, వైకల్యం రకం, పని, ఇచ్చిన సదుపాయాలు రాసి. అది అందరూ తెరిచే షేర్డ్ డ్రైవ్‌లో పెట్టొద్దు.

సోమవారానికి ర్యాంపు పూర్తి కాదు. అందుకని ఆఫర్ ఆపొద్దు. చేరే తేదీ లోగా ఏమేం పూర్తవుతాయో ఆఫర్ మెయిల్లోనే రాసి, టాయిలెట్, లిఫ్ట్ కొలతలు ఆవిడకి పంపండి. కుదిరితే ఒకసారి వచ్చి చూసుకోమనండి. ఆ చెయిర్ ఎక్కడ ఇరుక్కుంటుందో మనకంటే ఆవిడకే బాగా తెలుస్తుంది.