థైలాకి తెలుగు మాట: ‘తనుహృద్భాషల’ ఎవరికి చెందుతుంది?

చదువరి: స్టార్‌ట్రెక్ అనే అమెరికా టీవీ ధారావాహికలో కెప్టెన్ కర్క్, వల్కన్ జాతివాడైన స్పాక్ ప్రేమికులైతే అని ఊహించి అభిమానులు రాసిన కర్క్/స్పాక్ కథ తెలుగులోకి వస్తోంది. వల్కన్ మాట ‘థైలా’ దగ్గర బండి ఆగింది. 1979 స్టార్‌ట్రెక్ నవల పాదసూచికలో ధారావాహిక సృష్టికర్త రాడెన్‌బెరీ దానికి మిత్రుడు, సోదరుడు, ప్రియుడు అని మూడర్థాలిచ్చాడు. మూడూ ఒక్క మాటలో ఇమడాలి. ‘తను... సఖ్యమున్’ అని పోతన పద్యమేదో నోట్లో ఆడుతోంది, అందుకోండి.

విరామం: ప్రహ్లాదుడిది. ‘తను హృద్భాషల సఖ్యమున్, శ్రవణమున్, దాసత్వమున్...’ సంస్కృత భాగవతం చెప్పే తొమ్మిది భక్తిమార్గాల్లో ఎనిమిదోదైన సఖ్యాన్ని పోతన మొదటికి తెచ్చాడు. ఇంకేం, సఖుడు!

గణదాసు: తెచ్చింది ఛందస్సండీ. మత్తేభంలో మూడోది ర-గణం (గురువు, లఘువు, గురువు). ‘శ్రవణమున్’ మూడు లఘువులతో మొదలవుతుంది, అక్కడ పట్టదు. ‘సఖ్యమున్’ అచ్చంగా ర-గణం. పైగా ‘త’కి 14వ అక్షరం ‘దా’తో యతి.

విరామం: ఆ చోట పట్టే మాట ఇంకోటి దొరకదా పోతనకి? గణాలు లెక్కపెట్టి కవి మనసు చెప్పకండి.

మధురవాణి: అసలు సంగతి ‘తను’. తనువు, హృదయం, భాష మూడింటితో సఖ్యం అంటున్నాడు. థైలాకి ఇంతకంటే ఏం కావాలి?

శర్మ: అది త్రికరణాలమ్మా. తొమ్మిదింటికీ చెందుతుంది. వందనం తనువుతో, కీర్తన భాషతో, చింతన హృదయంతో.

మధురవాణి: మరి శ్రవణం దేనితో మాస్టారూ? ‘సఖ్యమున్’ పక్కనే ఉన్నదాన్ని తొమ్మిదింటికీ పంచడం అన్యాయం.

శర్మ: చెవి తనువులోది కాదా?

సూటిగా: భక్తి పద్యాన్ని ఇందులోకి లాగడమెందుకు? ఇద్దరు మగాళ్లు ప్రాణస్నేహితులైతే చాలదా, ప్రేమే అంటగట్టాలా?

చదువరి: అంటగట్టింది అభిమానులు మాత్రమే కాదు. ప్రియుడన్న అర్థం ఇచ్చింది సృష్టికర్తే. కింద కర్క్ చేత కాదనిపించాడు కూడా: ఏడేళ్లకోసారి మాత్రమే కోరిక పుట్టేవాణ్ణి ఎంచుకునేంత తెలివితక్కువవాణ్ణా అని. కాదనడానికి దొరికిన కారణం అదీ! వదంతి వింటే స్పాక్ కనుబొమ్మ ఎత్తి ఊరుకునేవాడట. 1974లో అచ్చయిన తొలి కర్క్/స్పాక్ ముక్కలోనైతే పేర్లే లేవు. అంత జాగ్రత్త.

గణదాసు: స్నేహమే కావాలనుకునేవాళ్లకీ చోటుందిగా. అభిమాన కథల వెబ్‌సైట్ ఏఓత్రీలో పేర్ల మధ్య ఏటవాలు గీత పెడితే ప్రేమ, ‘అండ్’ గుర్తు పెడితే స్నేహమో బంధుత్వమో. స్నేహకథకి రెండు ట్యాగులూ తగిలిస్తే, గీత చూసి వచ్చినవాళ్లు తిట్టిపోతారు. ఏది ముఖ్యమో అదొక్కటే పెట్టాలి.

విరామం: ఆ గీతని తెలుగు చేయండి ముందు!

మధురవాణి: ‘నెయ్యుడు’ చూడండి. నెయ్యానికి బ్రౌన్ స్నేహం, ప్రేమ రెండూ ఇచ్చాడు. ‘చెలికాడు’ని సినిమా పాటలు ప్రియుడి వైపు లాక్కుపోయాయి. నెయ్యుడు ఇంకా మధ్యలోనే ఉన్నాడు.

విరామం: స్పాక్ నోట ‘నెయ్యుడా’ అంటే చదివేవాడికి ముద్దపప్పు గుర్తొస్తుంది.

శర్మ: అదేం విడ్డూరం కాదు నాయనా. స్నేహమంటే చమురని కూడా అర్థం.

సూటిగా: సోదరుడు ఎటు పోయాడు?

చదువరి: అదే చిక్కు. సఖుడిలోనూ లేడు, నెయ్యుడిలోనూ లేడు. ‘థైలా’నే ఉంచి కింద పాదసూచిక ఇచ్చేస్తే?

శర్మ: ఇవ్వండి. ‘తనుహృద్భాషల’ మాత్రం తొమ్మిదింటికీ.

మధురవాణి: ఒక్కదానికే.